పెద్దవాళ్లలో అరుదైన నరాల గడ్డలు: బెంగళూరు వచ్చే తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హిందూపురం, అనంతపురం, మదనపల్లె, కర్నూలు వైపు నుంచి ఒంట్లో గడ్డతో బెంగళూరు వచ్చే మనవాళ్లు చాలామంది. నేను ఇక్కడ ఒక ల్యాబులో పాథాలజిస్టుని. వాళ్ల బయాప్సీ ముక్కలు నా మైక్రోస్కోపు కిందికి వస్తాయి. తర్వాత రిపోర్టు కోసం ఇంటివాళ్లు వస్తారు. నేను తెలుగుదాన్నని తెలియగానే ప్రశ్నలు మొదలవుతాయి. ఎక్కువగా అడిగేవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. వీటన్నిట్లోనూ మళ్లీమళ్లీ వచ్చే మాట ఒకటుంది: గడ్డకి సరైన పేరు తేలేదాకా కత్తి పెట్టించుకోవద్దు.

నరం మీద గడ్డ అంటే కేన్సరేనండీ?

చాలావరకు కాదు. పెద్దవాళ్ల నరాలకి వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం రెండు రకాలే: ష్వానోమా, న్యూరోఫైబ్రోమా. రెండూ నరం చుట్టూ ఉండే పొర కణాల నుంచి పుడతాయి, రెండూ మామూలుగా కేన్సర్ కావు. అయితే ఆపరేషన్ దగ్గరికొచ్చేసరికి వీటికి చాలా తేడా ఉంది. ష్వానోమా జడలో తురిమిన పువ్వు లాంటిది. నరం పోగుల్ని పక్కకి నెట్టి పెరుగుతుంది, చెయ్యి తిరిగిన సర్జన్ జడ చెదరకుండా దాన్ని తీసేయగలరు. న్యూరోఫైబ్రోమా జడలో కలిపి అల్లేసిన సవరం. పోగుల మధ్యలోంచే పెరుగుతుంది కాబట్టి, తీసేటప్పుడు నరం దెబ్బతినే అవకాశం ఎక్కువ.

ఇవి కాక ఇంకా అరుదైనవి కొన్ని ఉన్నాయి. నరం పొరకే వచ్చే కేన్సర్ ఒకటి, దాన్ని పొట్టిగా ఎం.పి.ఎన్.ఎస్.టి. అంటారు. బీపీని ఎగదోసే పారాగాంగ్లియోమా, ఫియోక్రోమోసైటోమా. ముక్కు పైభాగంలో వాసన నరాల దగ్గర పుట్టే ఎస్తీజియోన్యూరోబ్లాస్టోమా. చిన్నపిల్లల జబ్బుగా పేరుపడ్డ న్యూరోబ్లాస్టోమా ఎప్పుడో ఒకసారి పెద్దవాళ్లలో కనిపించడం. ఒక్కోదానికి వైద్యం ఒక్కోలా ఉంటుంది. పేరు మీద నేను ఇంత పట్టుబట్టేది అందుకే.

మామూలు కొవ్వు గడ్డకీ నరం గడ్డకీ ఇంట్లోనే తేడా తెలుస్తుందా?

ఖాయంగా తెలియదు కానీ అనుమానించవచ్చు. నరం గడ్డ మీద వేలితో తడితే ఆ నరం వెళ్లే దారి పొడవునా జివ్వుమంటుంది. మోచేతి దగ్గర తడితే చిటికెన వేలిదాకా లాగుతుంది. గడ్డ అడ్డంగా కదులుతుంది, నరం పొడవునా పైకీ కిందికీ మాత్రం కదలదు. కొవ్వు గడ్డ మెత్తగా ఉంటుంది, తట్టినా ఏమీ అనిపించదు.

కొన్నిటికి అసలు ఆలస్యం చేయకూడదు. ఏళ్లుగా ఉన్న గడ్డ ఉన్నట్టుండి పెరగడం, గట్టిపడడం, రాత్రి నిద్రలేపేంత నొప్పి, పాదం లేదా మణికట్టు వాలిపోవడం, కొత్తగా వచ్చిన తిమ్మిరి. ఇవి కనిపిస్తే నెలలు కాదు, వారాలు కూడా ఎదురుచూడొద్దు.

మా ఊళ్లో సర్జన్ "కొవ్వు గడ్డే, చిన్న మత్తిచ్చి తీసేస్తాను" అన్నారు. అక్కడే తీయించేయొచ్చా?

స్కానింగ్ తీయకుండా వద్దు. చర్మం కింద తేలుతూ ఉండే చిన్న గడ్డకి అల్ట్రాసౌండ్ చాలాసార్లు సరిపోతుంది. లోతుగా ఉన్నా, 5 సెంటీమీటర్లు దాటినా, తడితే జివ్వుమన్నా ముందు ఎమ్మారై తీయాల్సిందే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, కొవ్వు గడ్డ అనుకుని కోసి లాగితే రెండు రకాల నష్టాలున్నాయి. అది ష్వానోమా అయితే, జాగ్రత్తగా వొలిచి తీయాల్సిన గడ్డతోపాటు నరమే తెగిపోతుంది. మోకాలి పక్క నరం తెగితే పాదం పైకి లేవదు, జీవితాంతం చెప్పు జారిపోతుంటుంది. అది ఎం.పి.ఎన్.ఎస్.టి. అయితే ఇంకా కష్టం. కోసిన చోట కారిన రక్తంతో కేన్సర్ కణాలు చుట్టుపక్కల కండలోకి చేరతాయి. తర్వాత చేసే అసలు ఆపరేషన్‌లో అంత మేరా తీయాల్సి వస్తుంది. ఇలా ఒకచోట సగం తీసేసి, ఆ ముక్క సీసాతో వచ్చేవాళ్లని చూస్తూనే ఉంటాను. ఆ సీసాలో చాలాసార్లు ఫార్మలిన్ బదులు సెలైన్ ఉంటుంది. సెలైన్‌లో ముక్క కుళ్లుతుంది. కణాల ఆకారం పోయాక మైక్రోస్కోపు కింద ఎంత వెతికినా పేరు చెప్పలేం. ఎక్కడ తీయించినా సరే, ముక్క 10 శాతం ఫార్మలిన్‌లో, గడ్డకి కనీసం పదింతల ద్రవంలో ఉందా అని అడిగి మరీ చూసుకోండి.

ఎమ్మారై ఒక్కటి చాలదా? ఇన్ని స్కానింగులెందుకు?

ఎమ్మారైతో గడ్డ ఏ నరం మీద ఉందో, రక్తనాళాలకి ఎంత దగ్గరో తెలుస్తుంది. కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇస్తారు కాబట్టి ముందు కిడ్నీ పరీక్షగా క్రియాటినిన్ చూస్తారు. కేన్సర్ అనుమానం ఉంటే ఛాతీకి సీటీ తప్పదు, ఎందుకంటే ఎం.పి.ఎన్.ఎస్.టి. ఎక్కువగా పాకేది ఊపిరితిత్తులకే. ఒంటినిండా న్యూరోఫైబ్రోమాలు ఉన్నవాళ్లలో ఏ గడ్డ చెడుగా మారిందో పట్టుకోవడానికి పెట్ స్కాన్ బాగా పనికొస్తుంది. ముక్క ఎక్కడినుంచి తీయాలో కూడా అదే చూపిస్తుంది. ఇన్ని తీసినా స్కాన్లు అనుమానాన్ని బలపరుస్తాయంతే. చివరి మాట ముక్క పరీక్షదే.

ముక్క తీస్తే కేన్సర్ ఒళ్లంతా పాకుతుందంటారు, నిజమేనా?

ఈ భయంతో బయాప్సీ మానేసి ఊరికి వెళ్లిపోయినవాళ్లున్నారు. సరిగా ప్లాన్ చేసి సూదితో తీసే బయాప్సీ వల్ల అలా పాకడం చాలా అరుదు. స్కానింగులో చూస్తూ, తర్వాత ఆపరేషన్ కోత పడే గీత మీదే సూది దింపుతారు. సూది వెళ్లిన దారి కూడా ఆ ఆపరేషన్‌లో వచ్చేస్తుంది. అందుకే బయాప్సీ కూడా, ఆపరేషన్ చేయబోయే సర్జన్‌తో మాట్లాడాకే చేయించుకోవాలి.

ఒక్క గడ్డ విషయంలో మాత్రం సూదికి నిజంగా భయపడాలి, అది పారాగాంగ్లియోమా. దాని సంగతి కింద రాశాను.

బయాప్సీ రిపోర్టు చేతిలోనే ఉంది. మళ్లీ బ్లాకులు, స్లైడ్లు తెమ్మంటారేంటి?

చాలా కుటుంబాలకి ఇక్కడే కోపం వస్తుంది. డబ్బు కోసం మళ్లీ చేస్తున్నారనుకుంటారు. బ్లాకు అంటే ఏంటో చూస్తే కోపం తగ్గుతుంది. ముక్కని మైనంలో పొదిగి, చిన్న పెట్టెలో బిగిస్తాం. దాన్నుంచి 3, 4 మైక్రాన్ల పలచటి పొర కోసి, గోరువెచ్చని నీటి మీద తేల్చి, గాజు స్లైడు మీదికి ఎత్తుతాం. ఊదా, గులాబీ రంగులు వేస్తే కణాలు కనిపిస్తాయి. ఆ రంగుల్లో ఈ అరుదైన గడ్డలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. సాగిన కణాలు కనిపిస్తే అది ష్వానోమా కావచ్చు, ఎం.పి.ఎన్.ఎస్.టి. కావచ్చు, అసలు నరానికే సంబంధం లేని వేరే సార్కోమా (కండ, కొవ్వు, ఎముక లాంటివాటికి వచ్చే కేన్సర్) కావచ్చు. నీలంగా, గుండ్రంగా ఉండే చిన్న కణాలైతే న్యూరోబ్లాస్టోమా, లింఫోమా, యూయింగ్ సార్కోమా అన్నిటినీ అనుమానించాలి.

అప్పుడు ఇమ్యూనో పరీక్షలు చేస్తాం. ఒక్కో పొర మీద ఒక్కో యాంటీబాడీ వేస్తే, వెతికే ప్రోటీన్ ఉన్నచోట గోధుమ రంగు తేలుతుంది. ఎస్-100, సాక్స్-10 అంతటా గట్టిగా పడితే ష్వానోమా వైపు మొగ్గుతాం. హెచ్3కె27మి3 అనే గుర్తు పూర్తిగా పోతే ఎం.పి.ఎన్.ఎస్.టి. అనుమానం బలపడుతుంది. సినాప్టోఫైసిన్, ఫాక్స్-2బి రెండూ పడితే న్యూరోబ్లాస్టోమా వైపు మొగ్గుతాం. ఈ పరీక్షలన్నీ ప్రతి ఊళ్లోనూ ఉండవు, ఇలాంటి గడ్డలు ఎక్కువగా చూసే కళ్లు కూడా కొన్నిచోట్లే ఉంటాయి. రెండోసారి చూడడంలో పేరు మారితే వైద్యమే మారిపోతుంది.

బ్లాకులు మొదట చేసిన ల్యాబులో భద్రంగా ఉంటాయి. రెండో అభిప్రాయానికని రాసిచ్చి సంతకం పెట్టి తీసుకోవచ్చు, అది మీ హక్కు. ఎండలో, బస్సు కిటికీ పక్కన పెట్టొద్దు, మైనం కరుగుతుంది. స్లైడ్లు మాత్రమే తెస్తే సరిపోదు, కొత్త పరీక్షలకి బ్లాకే కావాలి.

అమ్మకి ఒక చెవి వినపడడం లేదు, ఎమ్మారైలో చెవి నరం మీద గడ్డ అన్నారు. తల ఆపరేషన్ తప్పదా?

తప్పదని ఏమీ లేదు. అది చాలావరకు వెస్టిబ్యులర్ ష్వానోమానే. ఎన్నో గడ్డలు ఏళ్లతరబడి పెరగవు, పెరిగినా ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లు. చిన్నదైతే ఆరు నెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి ఎమ్మారై తీస్తూ కనిపెట్టుకుని ఉండడం కూడా వైద్యమే. పెరుగుతుంటే, 3 సెంటీమీటర్ల లోపు ఉంటే గామా నైఫ్ లాంటి రేడియోసర్జరీతో ఆపవచ్చు. అందులో కత్తి ఉండదు. గడ్డ మాయం కాదు, పెరగడం ఆగుతుంది. పెద్దదై మెదడు కాండాన్ని నొక్కుతుంటే ఆపరేషన్ చేయాలి. అప్పుడు ముఖం కదిలించే నరాన్ని కాపాడగలరా అనేదే సర్జన్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న. రెండు చెవులకీ ఉంటే ఎన్.ఎఫ్.2 అనే జన్యు జబ్బుని చూసుకోవాలి.

ఒంటినిండా గోధుమ మచ్చలు, చిన్నచిన్న బుడిపెలు. మా ఇంట్లో ముగ్గురికి ఉన్నాయి. ఇది అంటుకుంటుందా?

అంటుకోదు. పక్కన కూర్చున్నా, కలిసి తిన్నా రాదు. ఎన్.ఎఫ్.1 అనే ఈ జబ్బు సుమారు 3,000 మందిలో ఒకరికి ఉంటుంది. 17వ క్రోమోజోము మీద ఉన్న జన్యువులో లోపం దీనికి కారణం. సగం మందిలో తల్లిదండ్రులకి లేకుండానే కొత్తగా వస్తుంది. ఉన్నవాళ్ల నుంచి ప్రతి బిడ్డకీ వచ్చే అవకాశం సగానికి సగం. పెద్దవాళ్లలో 15 మిల్లీమీటర్లు దాటిన మచ్చలు ఆరు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే డాక్టరుకి చూపించాలి. పెళ్లి సంబంధాలు చెడిపోతాయని దాచిపెట్టి, ఆడపిల్లల్ని అసలు డాక్టరు దగ్గరికే తీసుకెళ్లని ఇళ్లున్నాయి. దయచేసి అలా చేయొద్దు.

దాచకూడదనడానికి కారణాలున్నాయి. ఎన్.ఎఫ్.1 ఉన్నవాళ్లలో జీవితకాలంలో 100 మందిలో 8 నుంచి 13 మందికి ఎం.పి.ఎన్.ఎస్.టి. వస్తుంది. ఆడవాళ్లకి 50 ఏళ్లలోపే రొమ్ము కేన్సర్ ముప్పు ఎక్కువ, కాబట్టి 30 ఏళ్ల నుంచే ఏటా మామోగ్రామ్ చేయించుకోవాలి. బీపీ కూడా ఏటా చూసుకోవాలి. ప్లెక్సిఫార్మ్ అనే పెద్ద అల్లిక గడ్డలకి, ఆపరేషన్ కుదరనప్పుడు మింగే మందులు వచ్చాయి. సెల్యుమెటినిబ్‌కి 2020లో అమెరికాలో పిల్లల కోసం, మిర్డామెటినిబ్‌కి 2025 ఫిబ్రవరిలో పెద్దవాళ్లకీ పిల్లలకీ అనుమతి వచ్చింది. ఖరీదెక్కువ. మీకు పనికొస్తాయా, ఎలా దొరుకుతాయి అనేది మీ ఆంకాలజిస్టునే అడగండి.

ఎం.పి.ఎన్.ఎస్.టి. అని తేలింది. ఇక ఆశ ఉందా?

పాకకముందే దొరికితే ఉంది. జబ్బు మొండిది, ఆ సంగతి దాచను. దీనికి ముఖ్యమైన వైద్యం ఆపరేషనే. గడ్డ చుట్టూ ఆరోగ్యంగా ఉన్న కణజాలంతో కలిపి తీయాలి. మా రిపోర్టులో "మార్జిన్" అనే చోట గడ్డ అంచుకి తగిలిందా లేదా రాస్తాం, ముందు అది చదవండి. చాలామందికి ఆపరేషన్ ముందో వెనకో ఐదారు వారాలు రేడియేషన్ ఇస్తారు, ఊళ్లలో కరెంటు పెట్టడం అనేది ఇదే. పెద్దవైన, పాకిన గడ్డలకి డాక్సోరుబిసిన్, ఐఫాస్ఫమైడ్ అనే కీమో మందులు. కాలు తీసేయాలంటారేమోనని పారిపోకండి. చాలామందికి కాలు నిలబెట్టగలుగుతున్నారు, ఆలస్యమయ్యేకొద్దీ ఆ వీలు తగ్గిపోతుంది.

నాన్నకి ఉన్నట్టుండి చెమటలు, గుండెదడ, తలనొప్పి, బీపీ 200 దాటుతుంది. టెన్షన్ వల్ల అంటున్నారు. నిజమేనా?

కావచ్చు. కానీ ఈ మూడూ కలిసి విడతలు విడతలుగా వస్తుంటే ఫియోక్రోమోసైటోమా లేదని తేల్చుకోవాలి. కిడ్నీ మీద ఉండే అడ్రినల్ గ్రంథిలో పుట్టి, అడ్రినలిన్ లాంటి పదార్థాలు వదిలే గడ్డ ఇది. ఇలాంటిదే వెన్నుపక్క నరాల గుంపుల్లో పుడితే పారాగాంగ్లియోమా అంటారు. పరీక్ష తేలికే: రక్తంలో మెటానెఫ్రిన్లు (అడ్రినలిన్ లాంటివి విరిగితే వచ్చే పదార్థాలు), లేదా 24 గంటల మూత్రంలో మెటానెఫ్రిన్లు. రక్తం ఇచ్చేముందు 20, 30 నిమిషాలు పడుకోబెట్టాలి. నడిచొచ్చి కుర్చీలో కూర్చుని వెంటనే ఇస్తే తప్పుడు లెక్క రావచ్చు.

ఈ పరీక్ష చేయకుండా గడ్డలో సూది దింపితే, మత్తిస్తే, బీపీ ప్రాణం మీదికి తెచ్చేంత పెరగవచ్చు. వాంతులకి ఇచ్చే మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ కూడా ప్రమాదమే. ఆపరేషన్‌కి ముందు కనీసం ఒకటి రెండు వారాలు ప్రజోసిన్, ఫినాక్సీబెంజమీన్ లాంటి ఆల్ఫా మందులు వాడాలి, నీళ్లూ ఉప్పూ ఎక్కువ తీసుకోవాలి. గుండెదడకని బీటా మందు ముందే మొదలుపెట్టకూడదు, ఆల్ఫా మందు పనిచేశాకే. ఇలాంటి గడ్డలున్న పదిమందిలో ముగ్గురు నలుగురికి వంశపారంపర్యంగా వచ్చిన జన్యులోపం ఉంటుంది, అందుకే అందరికీ జన్యు పరీక్ష చేయమంటారు. అన్నదమ్ములు, పిల్లలు కూడా చూపించుకోవాల్సి రావచ్చు.

ఒక ముక్కు ఎప్పుడూ మూసుకుపోయి, అప్పుడప్పుడు రక్తం వస్తుంది. సైనస్ మందులు ఎన్నాళ్లు వాడాలి?

ఒకే వైపు అయితే ఎక్కువ రోజులు వాడుతూ కూర్చోవద్దు, ఈఎన్టీ డాక్టరు చేత ఎండోస్కోపీ చేయించుకోండి. వాసన తెలియకపోతే మరీ త్వరగా. 1924లో మొదటిసారి వర్ణించిన ఎస్తీజియోన్యూరోబ్లాస్టోమా ఇక్కడే, మెదడుకీ ముక్కుకీ మధ్య జల్లెడలాంటి ఎముక కింద పుడుతుంది. బయాప్సీకి ముందే స్కాన్ తీయాలి. ఈఎన్టీ, న్యూరోసర్జన్ కలిసి ఎక్కువసార్లు ముక్కులోంచే ఆపరేషన్ చేస్తారు, తర్వాత రేడియేషన్. పదేళ్ల తర్వాత కూడా తిరగబెట్టే గుణం దీనికుంది.

న్యూరోబ్లాస్టోమా చిన్నపిల్లల జబ్బు అంటున్నారు. మా అన్నయ్యకి 31 ఏళ్లు. పొరపాటు పడ్డారా?

ముందు ఆ అనుమానమే పడాలి, బ్లాకులు ఇంకోచోట చూపించాలి. ఎక్కువమందికి ఇది ఐదేళ్లలోపే వస్తుంది, పెద్దవాళ్లలో చాలా చాలా తక్కువ. నిజమని తేలితే మాత్రం పిల్లల్లో కన్నా వేరేగా నడుస్తుంది. మెల్లగా పెరుగుతుంది, కానీ మొండిగా ఉంటుంది. పిల్లల్లో భయపెట్టే ఎమ్.వై.సి.ఎన్. జన్యుమార్పు పెద్దవాళ్లలో తక్కువ, ఏ.ఎల్.కె., ఏ.టి.ఆర్.ఎక్స్. మార్పులు ఎక్కువ. ఏ.ఎల్.కె. మార్పుంటే దానికి మింగే మందులున్నాయి కాబట్టి ఆ పరీక్ష అడిగి చేయించుకోండి. ఈ గడ్డ వదిలే పదార్థాల కోసం మూత్రంలో చూసే వి.ఎమ్.ఎ., హెచ్.వి.ఎ. పరీక్షలు పెద్దవాళ్లలో మామూలుగానే రావచ్చు, దాన్ని చూసి జబ్బు లేదనుకోకూడదు.

ఎంత దూరం పాకిందో చూడడానికి ఎమ్.ఐ.బి.జి. స్కాన్ (ఈ గడ్డ కణాలు పీల్చుకునే రేడియో అయోడిన్ మందు ఎక్కించి తీసేది), తుంటి ఎముక రెండువైపుల నుంచీ మూలుగ పరీక్ష చేస్తారు. ఆ స్కాన్‌కి ముందు జలుబు మాత్రలు, కొన్ని బీపీ, డిప్రెషన్ మందులు ఆపాల్సి ఉంటుంది. థైరాయిడ్‌ని కాపాడడానికి అయోడిన్ చుక్కలు ఇస్తారు. మీరు వాడే ప్రతి మాత్రా ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి.

వైద్యం అంటే కీమో, ఆపరేషన్, రేడియేషన్. కొందరికి ఎక్కువ మోతాదు కీమో ఇచ్చి సొంత మూలకణాలు తిరిగి ఎక్కిస్తారు. పిల్లల కోసం తయారైన ఈ పద్ధతిని పెద్దవాళ్ల ఒళ్లు అంత తేలిగ్గా తట్టుకోదు. అందుకే పెద్దల ఆంకాలజిస్టూ పిల్లల ఆంకాలజిస్టూ కూర్చుని మాట్లాడుకోవాలి. మాట్లాడారా అని నేరుగా అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఇంకో సంగతి, సిగ్గుపడి ఎవరూ అడగనిది: పిల్లలు కావాలనుకుంటే కీమోకి ముందే వీర్యమో అండాలో దాచిపెట్టుకోవచ్చు. మొదలయ్యాక ఆ అవకాశం దాదాపు పోయినట్టే.

పసరు కట్టు కడితే కరుగుతుందంటున్నారు.

కరగదు. పుండు పడితే ఆపరేషన్ ఇంకా వెనక్కి పోతుంది.

బెంగళూరులో ఏ ఆసుపత్రికి వెళ్లాలి?

మెదడు, వెన్ను, చెవి నరాల గడ్డలకి నిమ్హాన్స్. 1974 నుంచి ఈ పేరుతో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ, నరాల పాథాలజీకి ప్రత్యేక విభాగమే ఉంది. కేన్సర్ అని తేలినవాటికి 1973లో మొదలైన కిద్వాయ్ సంస్థ, నిమ్హాన్స్‌కి నడిచి వెళ్లేంత దగ్గర. ఫియోక్రోమోసైటోమాకి ఎండోక్రైనాలజీ, అనస్థీషియా రెండూ బలంగా ఉన్న పెద్దాసుపత్రి చూసుకోవాలి. ఎక్కడికెళ్లినా అడగాల్సింది ఒకటే: మా కేసు ట్యూమర్ బోర్డులో పెట్టారా? సర్జన్, ఆంకాలజిస్టు, రేడియాలజిస్టు, పాథాలజిస్టు ఒకే గదిలో కూర్చుని మాట్లాడుకునే సమావేశం అది. భాష గురించి దిగులొద్దు. తెలుగు తెలిసినవాళ్లు ప్రతి వార్డులోనూ ఎవరో ఒకరు దొరుకుతారు, కన్నడ బోర్డులు కూడా కాస్త కూడబలుక్కుంటే చదవగలుగుతాం.

ఖర్చు ఎలా? మా కార్డు ఇక్కడ చెల్లుతుందా?

ఆయుష్మాన్ భారత్ కార్డు వేరే రాష్ట్రంలో కూడా, ఆ పథకంలో చేరిన ఆసుపత్రుల్లో చెల్లుతుంది. 70 ఏళ్లు నిండినవాళ్లకి 2024 నుంచి ఆదాయంతో పని లేకుండా ఇస్తున్నారు. ఆంధ్రావాళ్లు ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీ జబ్బుకి బెంగళూరులో ఏ ఆసుపత్రి ఉందో, బయల్దేరకముందే మీ ఊరి ఆరోగ్యమిత్రని అడగండి. అడ్మిషన్ అయి డబ్బు కట్టేశాక అడిగితే చాలాసార్లు కుదరదు. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఆసుపత్రి ఎస్టిమేట్, బిల్లులు అసలువి కావాలి, జిరాక్సులు సరిపోవు. పెద్ద ఆసుపత్రుల్లో మెడికల్ సోషల్ వర్కర్ ఉంటారు. మొదటిరోజే వాళ్లని కలవండి. పేషెంటుతో వచ్చినవాళ్లు ఉండడానికి ధర్మశాలల సంగతి కూడా వాళ్లే చెబుతారు.

ఆపరేషన్ అయిపోయింది. ఇంకెన్నాళ్లు తిరగాలి?

మామూలు ష్వానోమా పూర్తిగా తీసేస్తే ఒకట్రెండు స్కాన్లతో సరిపోవచ్చు. ఎం.పి.ఎన్.ఎస్.టి.కి మొదటి రెండు మూడేళ్లు మూడు నాలుగు నెలలకోసారి ఆ చోటికి ఎమ్మారై, ఛాతీకి సీటీ, తర్వాత దూరం పెంచుతారు. పారాగాంగ్లియోమాకి ఏటా మెటానెఫ్రిన్లు, కనీసం పదేళ్లు. జన్యులోపం ఉంటే జీవితాంతం. సర్జన్ మారినా, ఊరు మారినా మొదటి ఎమ్మారై సీడీ, మొదటి బయాప్సీ నంబరు పోగొట్టుకోవద్దు. తిరగబెట్టిందేమోనన్న అనుమానం వచ్చినప్పుడు కొత్త స్కాన్‌ని పోల్చి చూసేది వాటితోనే. ఆ నంబరుంటే పాత బ్లాకు వెతికి తీయగలం, కొత్త ముక్కని దాని పక్కన పెట్టి చూడగలం.